షేర్డ్ లైబ్రరీ దొరకనప్పుడు: చిరునామాను ఎక్కడ నమోదు చేయాలి?

జీరోఎంక్యూ అనే షేర్డ్ లైబ్రరీని (నడిచేటప్పుడు పలు ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైలును) సోర్స్ నుంచి బిల్డ్ చేసి, రూట్ హక్కులతో ఇన్‌స్టాల్ చేసి, దాని మీద ఆధారపడే మన ప్రోగ్రామును కూడా ఏ తప్పూ రాకుండా కంపైల్ చేసుకున్నాక, తీరా నడపబోయే సమయానికి "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌జెడ్‌ఎంక్యూ.ఎస్‌ఓ.5: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్" అన్న ఒక్క వరుస చూపించి ప్రోగ్రాము ఆగిపోతుంది. /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ డైరెక్టరీలోకి వెళ్లి చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది, పేరూ సరిగానే ఉంటుంది, అనుమతులూ సరిగానే ఉంటాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ప్రోగ్రాముకు లైబ్రరీలను వెతికి తెచ్చే లోడర్ మాత్రం తనకు తెలిసిన నాలుగు చోట్లా చూసి లేదని చెబుతుంది.

ఈ ఒక్క జబ్బుకు వెతికితే చాలా మందులు దొరుకుతాయి. ఎల్‌డీకాన్ఫిగ్ నడపమని ఒకరు, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టమని ఇంకొకరు, ప్రోగ్రాము లోపలే దారి రాసే ఆర్‌పాత్ వాడమని మరొకరు, లైబ్రరీని ప్రోగ్రాములోనే కలిపేసి స్టాటిక్‌గా లింక్ చేసేస్తే ఈ గొడవే ఉండదని వేరొకరు చెబుతారు. చిక్కు ఏమిటంటే, ఇవన్నీ ఆ పూటకు పనిచేస్తాయి. తేడా తెలిసేది మూడు నెలల తరువాత, వేరే యంత్రం మీద, వేరే యూజర్ పేరుతో, లేదా ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడు. అందువల్ల ఏది పనిచేస్తుంది అని కాకుండా, లైబ్రరీ ఎక్కడ ఉందన్న సమాచారం ఎవరిది అని అడిగి ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. లైబ్రరీ యంత్రానికి చెందినదైతే ఆ సమాచారం యంత్రం పుస్తకంలో ఉండాలి. ప్రోగ్రాముతోపాటు ప్రయాణించేదైతే ప్రోగ్రాము లోపలే ఉండాలి. ఈ సాయంత్రం చేసే ప్రయోగానికి మాత్రమే అవసరమైతే ఈ సాయంత్రం తెరిచిన టెర్మినల్లోనే ఉండాలి.

ఈ వ్యాసం ప్రధానంగా గ్లిబ్‌సీ అనే మూల సీ లైబ్రరీని వాడే లినక్స్ గురించి. విండోస్, మ్యాక్ సంగతులను చివరికి వచ్చేసరికి కొద్దిగా తాకుతాను.

ముందు తేల్చుకోవలసినది: బిల్డ్ సమయమా, నడిచే సమయమా?

ఒకే లైబ్రరీ కోసం రెండు వేర్వేరు పనివాళ్లు రెండు వేర్వేరు సమయాల్లో వెతుకుతారని గుర్తించకపోవడం వల్లనే సగం కాలం వృథా అవుతుంది. బిల్డ్ చేసేటప్పుడు వెతికేది లింకర్. దానికి దొరకకపోతే "కెనాట్ ఫైండ్ -ఎల్‌జెడ్‌ఎంక్యూ" అంటుంది. నడిపేటప్పుడు వెతికేది డైనమిక్ లోడర్. దానికి దొరకకపోతే పైన చెప్పిన వరుస వస్తుంది. లింకర్‌కు పెద్ద ఎల్ గుర్తుతో ఇచ్చిన డైరెక్టరీ పేరు బిల్డ్ అయిపోగానే మరుపున పడుతుంది, అది ప్రోగ్రాము ఫైలులోకి ఎక్కదు. "బిల్డ్ చేసేటప్పుడు దారి చెప్పాను కదా, నడిచేటప్పుడు ఎందుకు తెలియదు?" అన్న ప్రశ్న మొదటిసారి ప్రతివారికీ వస్తుంది, సమాధానం ఇదే.

ఈ ఇద్దరూ వెతికే పేర్లు కూడా వేరు. డిస్కు మీద అసలు ఫైలు లిబ్‌జెడ్‌ఎంక్యూ.ఎస్‌ఓ.5.2.5 వంటి పూర్తి వెర్షన్ పేరుతో ఉంటుంది. లింకర్ వెతికేది వెర్షన్ ఏమీ లేని లిబ్‌జెడ్‌ఎంక్యూ.ఎస్‌ఓ అనే సింబాలిక్ లింకును. లోడర్ వెతికేది సోనేమ్‌ను, అంటే లైబ్రరీ తన లోపలే రాసుకున్న లిబ్‌జెడ్‌ఎంక్యూ.ఎస్‌ఓ.5 అనే పేరును. డెబియన్, ఉబుంటు వంటి వాటిలో వెర్షన్ లేని లింకు -డెవ్ ప్యాకేజీలోనూ, ఫెడోరా కుటుంబంలో -డెవెల్ ప్యాకేజీలోనూ వస్తుంది. కాబట్టి బిల్డ్ సమయంలో "కెనాట్ ఫైండ్" వస్తే, ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడటమే చాలా సందర్భాల్లో మొత్తం వైద్యం. లైబ్రరీ పద్ధతి ప్రకారం కాక వేరే చోట ఉంటే, పీకేజీ_కాన్ఫిగ్_పాత్ ద్వారా దాని .పీసీ ఫైలును (లైబ్రరీ దారులు రాసి ఉండే ఫైలును) చూపించడం, పెద్ద ఎల్ గుర్తుతో డైరెక్టరీలను చేత్తో రాయడం కంటే మేలు, ఎందుకంటే హెడర్ల దారీ లైబ్రరీ దారీ ఒకేచోటి నుంచి వస్తాయి. హెడర్లు ఒక వెర్షన్‌వి, లైబ్రరీ మరొక వెర్షన్‌ది అయ్యే ప్రమాదం తగ్గుతుంది. జీసీసీ చూసే లైబ్రరీ_పాత్, లోడర్ చూసే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఒకటి కావని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మొదటిది బిల్డ్ సమయానిది, రెండవది నడిచే సమయానిది. పేర్లలో ఉన్న పోలిక వల్ల ఒకదానిబదులు మరొకటి పెట్టి గంటలు పోగొట్టుకున్నవారు తక్కువ మంది కాదు.

లోడర్ వెతికే క్రమం

లోపం నడిచే సమయానిదే అని తేలాక, లోడర్ ఏ క్రమంలో వెతుకుతుందో తెలియకుండా ఏ మార్గాన్నీ పోల్చలేము. ఆర్‌పాత్, రన్‌పాత్ రెండూ ప్రోగ్రాము ఫైలులోనే రాసి ఉండే దారులు. ప్రోగ్రాములో ఆర్‌పాత్ మాత్రమే ఉండి రన్‌పాత్ లేకపోతే మొదట ఆర్‌పాత్‌ను చూస్తుంది. తరువాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్. ఆ తరువాత రన్‌పాత్. ఆపైన /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్ అనే ఫైలు. చివరగా /లిబ్, /యూఎస్‌ఆర్/లిబ్ వంటి సిస్టమ్ డైరెక్టరీలు. ఈ వరుసలో /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ అనే పేరు ఎక్కడా నేరుగా లేదని గమనించండి. అది క్యాష్ ద్వారా మాత్రమే లోడర్‌కు తెలుస్తుంది.

ఏది ఎక్కడ దొరుకుతోందో చూడటానికి చాలామంది ఎల్‌డీడీ వాడతారు. అది మంచిదే కానీ, నమ్మకం లేని ప్రోగ్రాము మీద దాన్ని నడపకూడదు, ఎందుకంటే కొన్ని పరిస్థితుల్లో అది ఆ ప్రోగ్రామునే నడపగలదు. ప్రోగ్రామును కదిలించకుండా దానికి ఏమేమి కావాలో చూడాలంటే రీడ్‌ఎల్ఫ్‌ను -డీ గుర్తుతో పిలిస్తే "నీడెడ్" అన్న వరుసలు, ఆర్‌పాత్ లేదా రన్‌పాత్ వరుస కనిపిస్తాయి. ఎంతకీ అంతుచిక్కకపోతే ఎల్‌డీ_డీబగ్ వేరియబుల్‌కు లిబ్స్ అన్న విలువ ఇచ్చి నడిపితే, లోడర్ ఏ డైరెక్టరీలో ఏ పేరు కోసం చూసి వెనక్కి వచ్చిందో ఒక్కొక్క అడుగూ వరుసగా చెబుతుంది. ఊహించి మందు వేసే ముందు ఈ ఒక్క ఆజ్ఞ నడపడం అలవాటు చేసుకుంటే, కింది నాలుగు మార్గాల్లో రెండింటిని వెంటనే పక్కన పెట్టవచ్చు.

మొదటి మార్గం: యంత్రం పుస్తకంలో నమోదు

లినక్స్‌లో లైబ్రరీని రిజిస్టర్ చేయడం అంటే నిజానికి ఎల్‌డీకాన్ఫిగ్ చేసే పనే. అది /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్ ఫైలునూ, దాని ద్వారా /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ డైరెక్టరీలోని ఫైళ్లనూ చదివి, వాటిలో రాసిన ప్రతి డైరెక్టరీలోని లైబ్రరీలను చూసి, సోనేమ్ లింకులను సరిచేసి, జాబితా మొత్తాన్ని క్యాష్‌లోకి ఎక్కిస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ ఆ కాన్ఫ్ ఫైళ్లలో ముందే ఉంటుంది కాబట్టి, ఇన్‌స్టాల్ అయ్యాక ఒక్కసారి రూట్ హక్కులతో ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే చాలు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అలా ఉండదు. పైగా అక్కడ సీమేక్ అనే బిల్డ్ పనిముట్టు వాడే ప్రాజెక్టులు తరచు /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్64 లోకి ఇన్‌స్టాల్ చేస్తాయి. అందువల్ల ఉబుంటు కోసం రాసిన సూచనను రాకీ లినక్స్ మీద అక్షరం తప్పకుండా పాటించినవారికి కూడా ఫలితం దక్కదు. అక్కడ కాన్ఫ్.డీలో ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో ఆ డైరెక్టరీ పేరు ఒక వరుసలో రాసి, ఆ తరువాత ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి. నమోదు అయిందో లేదో -పీ గుర్తుతో పిలిచి చూసుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మీద "ఎల్‌డీకాన్ఫిగ్ -ఎన్" అన్న వరుస కనిపించింది కదా, మళ్లీ ఎందుకు నడపాలి అని కొందరు అడుగుతారు. లిబ్‌టూల్ అనే బిల్డ్ పనిముట్టు నడిపే ఆ ఆజ్ఞలోని -ఎన్ గుర్తుకు అర్థం, ఆ ఒక్క డైరెక్టరీలో లింకులు మాత్రం సరిచేయి, క్యాష్ జోలికి వెళ్లకు అని. అంటే పని సగమే అయింది.

ఈ మార్గానికి ఉన్న బలం ఏమిటంటే, అది అందరికీ వర్తిస్తుంది: మీ టెర్మినల్‌కు, సిస్టమ్‌డీ నడిపే సర్వీసుకు, క్రాన్ పనికి, సుడోతో నడిపే ఆజ్ఞకు కూడా. బలహీనతా అదే. కొత్తగా చేర్చిన డైరెక్టరీలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ లేదా లిబ్‌స్టడ్‌సీ++ వంటి సిస్టమ్ లైబ్రరీకి మరో ప్రతి ఉంటే, మీ ప్రోగ్రాముతో ఏ సంబంధమూ లేని ప్రోగ్రాములు కూడా దాన్ని ఎత్తుకోవచ్చు. విక్రేతలు ఇచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇటువంటి ప్రతులు డజన్ల కొద్దీ ఉంటాయి; అటువంటి డైరెక్టరీని కాన్ఫ్.డీలో చేర్చడమంటే ఊరి చెరువులో సొంత ఇంటి నీళ్లు కలపడమే. మరొక చిన్న ఉచ్చు కూడా ఉంది: పాత లైబ్రరీని తొలగించకుండా అదే డైరెక్టరీలో చివర .ఓల్డ్ అని తగిలించి దాచుకుంటే, పేరులో .ఎస్‌ఓ ఇంకా ఉంది కాబట్టి ఎల్‌డీకాన్ఫిగ్ దాన్నీ లైబ్రరీగానే లెక్కించి, సోనేమ్ లింకును ఆ పాత ఫైలు వైపు తిప్పే అవకాశం ఉంది. కొత్త వెర్షన్ పెట్టినా పాత లోపమే కనిపిస్తుంటే, దాచుకున్న ప్రతుల్ని వేరే చోటికి తరలించి చూడండి.

రెండవ మార్గం: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అందరికీ ముందు చేతికందే పనిముట్టు. రూట్ హక్కులు అక్కరలేదు, ఫైళ్లు మార్చనక్కరలేదు, టెర్మినల్ మూసేస్తే జాడ ఉండదు. ఇంకా ఇన్‌స్టాల్ చేయని లైబ్రరీని బిల్డ్ డైరెక్టరీ నుంచే పరీక్షించడానికి, రెండు వెర్షన్లను పక్కపక్కన పోల్చి చూడటానికి ఇంతకంటే మంచిది లేదు. దాన్ని షెల్ మొదలైనప్పుడు చదివే .బ్యాష్‌ఆర్‌సీలో శాశ్వతంగా రాసుకోవడంతోనే కష్టాలు మొదలవుతాయి.

మొదటి కష్టం, అది మీ షెల్‌కు మాత్రమే తెలుసు. సిస్టమ్‌డీ సర్వీసు .బ్యాష్‌ఆర్‌సీని చదవదు, సుడో దాన్ని తొలగిస్తుంది. చేత్తో నడిపితే నడిచే ప్రోగ్రాము సర్వీసుగా నడవకపోతే ముందు అనుమానించవలసింది దీన్నే. రెండవది, ఆ షెల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రాముకూ అది వర్తిస్తుంది. ఏదో ఒక విక్రేత ఫోల్డరులోని పాత లిబ్‌స్టడ్‌సీ++ ముందు దొరికి, నిన్నటిదాకా బాగున్న మరొక ప్రోగ్రాము "వెర్షన్ జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్_3.4 ... నాట్ ఫౌండ్" అని మొరాయిస్తుంది. మూడవది కంటికి కనిపించనిది. కొత్త డైరెక్టరీ పేరు రాసి, కోలన్ పెట్టి, పాత విలువను జతచేసే అలవాటైన వరుసను తీసుకోండి. పాత విలువ ఖాళీగా ఉన్నప్పుడు చివర ఒక్క కోలన్ మిగిలిపోతుంది. ఆ ఖాళీ భాగాన్ని లోడర్ "ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ" అని అర్థం చేసుకుంటుంది. అంటే ఎవరో ఇచ్చిన జిప్ ఫైలును విప్పి ఆ ఫోల్డరులో నిలబడి ఏ ఆజ్ఞ నడిపినా, అందులోని లైబ్రరీలు లోడ్ అయ్యే వీలు ఏర్పడుతుంది. పాత విలువ ఉన్నప్పుడే కోలన్ చేర్చేలా షెల్‌లో షరతు రాయడం తప్పనిసరి.

నాలుగవదాన్ని నేను అనుభవం మీద నేర్చుకున్నాను. ఒక క్లయింటు యంత్రం మీద మా సర్వీసు వారాల తరబడి చక్కగా నడిచింది. దాన్ని మొదలుపెట్టే షెల్ స్క్రిప్టులో ఈ వేరియబుల్ ఉండేది. ఒకరోజు దాన్ని 443 పోర్టు మీద నేరుగా వినిపించుకునేలా చేయాలన్నారు. 1024 కంటే తక్కువ పోర్టులకు ప్రత్యేక హక్కు కావాలి కాబట్టి, సెట్‌క్యాప్‌తో ప్రోగ్రాము ఫైలుకు ఆ ఒక్క హక్కు ఇచ్చాము. మరుక్షణం నుంచి లిబ్‌జెడ్‌ఎంక్యూ దొరకలేదన్న వరుస. స్క్రిప్టులో ఏ మార్పూ లేదు, లైబ్రరీ ఎక్కడికీ కదలలేదు. సగం రోజు గడిచాక అర్థమైనది ఇది: ఫైలుకు అదనపు హక్కులు ఉన్నప్పుడు, ఎవరు నడిపినా యజమాని హక్కులతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రాముల విషయంలో లాగే, లోడర్ సురక్షిత స్థితిలోకి వెళ్లి ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను పూర్తిగా పట్టించుకోదు. పట్టించుకుంటే ఏ యూజరైనా తన లైబ్రరీని చొప్పించి ఆ హక్కును కాజేయగలడు గదా. తెలివిగా వ్యవహరించామనుకుని ప్రోగ్రాములోనే $ఆరిజిన్ (ప్రోగ్రాము ఉన్న డైరెక్టరీ అని అర్థం) దారి రాసి మళ్లీ బిల్డ్ చేశాము. సురక్షిత స్థితిలో దానికీ అదే గతి పట్టింది. చివరికి కాన్ఫ్.డీలో ఒక్క వరుస రాసి ఎల్‌డీకాన్ఫిగ్ నడిపాకే అది కదిలింది. జావా ప్రోగ్రాముకు సెట్‌క్యాప్ చేసినవారికి లిబ్‌జేఎల్‌ఐ దొరకకపోవడం కూడా ఇదే కథ. ఫైలుకు హక్కు ఇవ్వడానికి బదులు సిస్టమ్‌డీలోని యాంబియంట్‌కేపబిలిటీస్ వరుసతో సర్వీసుకు హక్కు ఇస్తే లోడర్ సురక్షిత స్థితిలోకి వెళ్లదన్న సంగతి మాకు అప్పటికి తెలియదు.

మూడవ మార్గం: ప్రోగ్రాము లోపలే రాసిపెట్టడం

ప్రోగ్రామునూ దానికి కావలసిన లైబ్రరీలనూ ఒకే ఫోల్డరు చెట్టులో పెట్టి ఇతరులకు ఇచ్చేవారికి నేను మొదట సూచించేది ఇదే. లింక్ చేసేటప్పుడు లింకర్‌కు -ఆర్‌పాత్ గుర్తుతో ఒక దారి ఇస్తే అది ప్రోగ్రాము ఫైలులో శాశ్వతంగా నిలుస్తుంది. ఆ దారి మీ ఇంటి డైరెక్టరీ పేరుతో మొదలైతే ఇతరుల యంత్రం మీద దానికి అర్థం ఉండదు. అందుకే $ఆరిజిన్ అనే గుర్తు ఉంది. ప్రోగ్రాము ఏ డైరెక్టరీలో ఉంటే ఆ డైరెక్టరీ అని లోడర్ నడిచే క్షణంలో దాన్ని అర్థం చేసుకుంటుంది. ప్రోగ్రాము బిన్ ఫోల్డరులోనూ లైబ్రరీలు పక్కనే లిబ్ ఫోల్డరులోనూ ఉంటే, "$ఆరిజిన్/../లిబ్" అని రాస్తే సరిపోతుంది. మొత్తం చెట్టును ఎక్కడికి కదిలించినా పనిచేస్తుంది.

ఈ గుర్తు ఫైలులోకి క్షేమంగా చేరడమే మొదటి పరీక్ష. మేక్‌ఫైల్‌లో ఒక్క డాలర్ గుర్తు పెడితే, మేక్ ఆ డాలర్‌నూ తరువాతి ఒక్క అక్షరాన్నీ కలిపి ఒక వేరియబుల్‌గా భావించి, దానికి విలువ లేదు కాబట్టి రెండింటినీ మింగేస్తుంది. రీడ్‌ఎల్ఫ్‌తో చూస్తే మొదటి అక్షరం ఊడిపోయిన మొండిపేరు కనిపిస్తుంది. అలా కనిపించిందంటే అపరాధి మేక్. పేరు మొత్తం మాయమై "/../లిబ్" మాత్రమే మిగిలిందంటే అపరాధి షెల్. మేక్ కోసం డాలర్ గుర్తును రెండుసార్లు రాయాలి, షెల్ కోసం ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. మేక్‌ఫైల్లోని ఆజ్ఞకు ఈ రెండూ కావాలి.

రెండవ పరీక్ష ఆర్‌పాత్, రన్‌పాత్‌ల మధ్య తేడా. పేరు ఒకటే గుర్తుతో ఇచ్చినా, ఈ రోజుల్లో చాలా డిస్ట్రిబ్యూషన్లలో లింకర్ రాసేది రన్‌పాత్‌నే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ తరువాతి స్థానంలో ఉంటుంది కాబట్టి పరీక్షించేవారు దాన్ని దాటి వేరే లైబ్రరీ పెట్టుకోగలరు, ఇది సుగుణమే. కానీ రన్‌పాత్ ఆ ఫైలుకు నేరుగా కావలసిన లైబ్రరీలకు మాత్రమే వర్తిస్తుంది. మీ ప్రోగ్రాముకు ఒక లైబ్రరీ కావాలి, ఆ లైబ్రరీకి పక్కనే ఉన్న మరో లైబ్రరీ కావాలి అనుకోండి. మొదటిది దొరుకుతుంది, రెండవది అదే ఫోల్డరులో ఉన్నా దొరకదు. పాత ఆర్‌పాత్ అయితే కింది తరాలకు కూడా అందేది. దీనికి సరైన పరిష్కారం, మీరు ఇచ్చే ప్రతి లైబ్రరీలోనూ "$ఆరిజిన్" అని విడిగా రన్‌పాత్ రాయడం. --డిజేబుల్-న్యూ-డీట్యాగ్స్ గుర్తుతో పాత ఆర్‌పాత్‌కు వెనుదిరగడం కూడా పనిచేస్తుంది. అయితే అప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో దాన్ని దాటే వీలు ఎవరికీ మిగలదు కాబట్టి, వేరే దారి లేనప్పుడే దాన్ని ఎంచుకుంటాను.

సోర్స్ చేతిలో లేని ఫైళ్లకు ప్యాచెల్ఫ్ --సెట్-ఆర్‌పాత్ పనికివస్తుంది. సీహెచ్‌ఆర్‌పాత్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, ముందున్న దారి కంటే పొడవైనదాన్ని రాయలేదు.

సీమేక్ వాడేవారికి ఒక మాట విడిగా చెప్పాలి. బిల్డ్ డైరెక్టరీలో నడిచేందుకు వీలుగా సీమేక్ తనంతట తానే దారులు రాస్తుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాటిని చెరిపేస్తుంది. "బిల్డ్ ఫోల్డరులో నడుస్తోంది, ఇన్‌స్టాల్ చేస్తే నడవడం లేదు" అన్న ఫిర్యాదుకు మూలం సాధారణంగా ఇదే. ఇది సీమేక్ లోపం కాదు, అదే సరైన ప్రవర్తన. లేకపోతే మీ బిల్డ్ యంత్రంలోని ఫోల్డరు పేర్లు ఊరంతా తిరుగుతాయి. ఇన్‌స్టాల్ తరువాత ఉండవలసిన దారిని సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్‌లో మీరే రాయాలి. చెరపకుండా మిగిలిపోయిన దారి అందరూ రాయగలిగే డైరెక్టరీ వైపు చూపిస్తుంటే అది భద్రతా లోపమే అవుతుంది. డెబియన్, ఫెడోరా ప్యాకేజీ నియమాలు అనవసరమైన ఆర్‌పాత్‌ను ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం.

నాలుగవ మార్గం, చేయకూడని అయిదవది

స్టాటిక్‌గా లింక్ చేయడం గురించి ఎక్కువ చెప్పను. చిన్న పనిముట్లకు, ఒకే ఫైలుగా పంపవలసినవాటికి అది హాయి. కాని గ్లిబ్‌సీని పూర్తిగా స్టాటిక్ చేస్తే హోస్ట్ పేర్ల వెతుకులాట వంటివి నడిచే సమయంలో మళ్లీ షేర్డ్ లైబ్రరీలనే అడుగుతాయి, లింకర్ ఆ హెచ్చరికను ముందే ఇస్తుంది. భద్రతా సవరణ వచ్చినప్పుడు ప్రతి ప్రోగ్రామునూ మళ్లీ బిల్డ్ చేయాలి. ఎల్‌జీపీఎల్ లైసెన్సు ఉన్న లైబ్రరీ అయితే, వాడుకరి మార్చిన లైబ్రరీతో తిరిగి లింక్ చేసుకునే వీలు కల్పించాలన్న బాధ్యత కూడా మీద పడుతుంది. ఇబ్బంది పెడుతున్న ఆ ఒక్క లైబ్రరీని మాత్రం స్టాటిక్‌గా కలిపి, మిగిలినవి అలాగే ఉంచడం తరచు మధ్యేమార్గంగా కుదురుతుంది.

చేయకూడనిది, సోనేమ్ వేరైన ఫైలుకు పాత పేరుతో సింబాలిక్ లింకు పెట్టడం. 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0తో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 అన్న పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3గా మారింది, ఉబుంటు 22.04 దానికి మారగానే పాత ప్రోగ్రాములు ఆగాయి, చాలామంది కొత్త ఫైలుకు పాత పేరు లింకు పెట్టారు. లోడర్‌కు ఫైలైతే దొరికింది గానీ, వెంటనే "వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 నాట్ ఫౌండ్" అని మరో వరుస వచ్చింది. అలా వచ్చినవారు అదృష్టవంతులు. సింబల్ వెర్షన్లు లేని లైబ్రరీ అయితే ప్రోగ్రాము మొదలై, డేటా నిర్మాణాలు సరిపోలక మధ్యలో కూలుతుంది. సోనేమ్ మారిందంటే పాత ప్రోగ్రాములకు ఇది పనికిరాదని లైబ్రరీ రాసినవారే ప్రకటించినట్టు. మళ్లీ బిల్డ్ చేయాలి, లేదా పాత లైబ్రరీని మూడవ మార్గంలో పక్కన పెట్టి ఇవ్వాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు ఉచిత మద్దతు 2023 సెప్టెంబరులో ముగిసింది కాబట్టి, దాని విషయంలో రెండవ ఎంపికను నేను సమర్థించను.

విండోస్, మ్యాక్

ఇదే ఎంపిక విండోస్‌లో వేరే పేర్లతో ఉంటుంది. రెగ్‌ఎస్‌వీఆర్32తో కామ్ (విండోస్ ప్రోగ్రాములు భాగాలను పంచుకునే పద్ధతి) లైబ్రరీని రిజిస్టర్ చేయడం యంత్రం పుస్తకంలో రాయడంతో సమానం: రిజిస్ట్రీలోకి సాధారణంగా పూర్తి దారి ఎక్కుతుంది, తరువాత ఫోల్డరును కదిలిస్తే ఆ నమోదు చచ్చిన చిరునామా అవుతుంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డరులో ఉండేది 64 బిట్ రెగ్‌ఎస్‌వీఆర్32, సిస్‌వావ్64లో ఉండేది 32 బిట్‌ది. పేర్లు తలకిందులుగా ఉన్నాయన్నది నిజమే, అలవాటు చేసుకోవడమే మార్గం. డీఎల్‌ఎల్ కళ్లెదుట ఉన్నా 0ఎక్స్8007007ఈ అన్న సంఖ్య వస్తే, దొరకనిది సాధారణంగా ఆ ఫైలు కాదు, అది ఆధారపడిన మరో డీఎల్‌ఎల్. విజువల్ స్టూడియోలో బిల్డ్ చివర ఎంఎస్‌బీ8011 వస్తే కంపైల్ సవ్యంగానే అయింది, రిజిస్ట్రేషన్‌కు హక్కు చాలలేదని అర్థం; పర్-యూజర్ రీడైరెక్షన్ ఎంచుకోవచ్చు, బిల్డ్ సర్వర్‌లో అయితే రిజిస్టర్ అవుట్‌పుట్‌నే ఆపివేయడం మేలు. ప్రోగ్రాము ఫోల్డరులోనే డీఎల్‌ఎల్ పెట్టడం, కామ్ విషయంలో మ్యానిఫెస్ట్ ద్వారా రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం మన మూడవ మార్గానికి సాటి. విండోస్ ఎక్స్‌పీ నుంచి ఈ వీలుంది. మ్యాక్‌లో @లోడర్_పాత్, @ఆర్‌పాత్ గుర్తులు ఆ పనే చేస్తాయి. 2015లో వచ్చిన ఎల్ క్యాపిటన్ నుంచి సిస్టమ్ రక్షణ, /బిన్, /యూఎస్‌ఆర్/బిన్ ప్రోగ్రాముల మీదుగా వెళ్లే డీవైఎల్‌డీ వేరియబుళ్లను తొలగిస్తుంది కాబట్టి, అక్కడ రెండవ మార్గాన్ని నమ్ముకోకూడదు.

మరి మీరు దేన్ని ఎంచుకోవాలి?

మీ అధీనంలోని సర్వర్ మీద, మీరే బిల్డ్ చేసిన ఒకటి రెండు లైబ్రరీలను పలు ప్రోగ్రాములు వాడుకుంటుంటే కాన్ఫ్.డీలో నమోదు చేయండి. వీలైతే ఆ కాన్ఫ్ ఫైలునూ ఎల్‌డీకాన్ఫిగ్ పిలుపునూ ప్యాకేజీలోనే చేర్చండి, చేత్తో చేసిన పని మరో యంత్రానికి గుర్తుండదు. ప్రోగ్రాముకు సెట్‌క్యాప్ లేదా సెట్‌యూఐడీ ఉంటే వేరియబుల్, $ఆరిజిన్ రెండూ పనిచేయవు కాబట్టి, నేను ఎంచుకునేది అదే మార్గం. ఇతరుల యంత్రాలకు పంపే సాఫ్ట్‌వేరైతే $ఆరిజిన్‌తో రన్‌పాత్; పైథాన్ వీల్స్‌ను (ప్యాకేజీ ఫైళ్లను) సరిచేసే ఆడిట్‌వీల్ కూడా లైబ్రరీలను వీల్‌లోకే తెచ్చి, పేర్లు మార్చి, దారులు తిరగరాసి దాదాపు ఇదే చేస్తుంది. రూట్ హక్కులు లేని విశ్వవిద్యాలయ క్లస్టర్‌లో కూడా, రోజూ వాడే ప్రోగ్రాముకు వేరియబుల్ కంటే రన్‌పాతే నయం, ఎందుకంటే పని క్యూలోకి వెళ్లి వేరే నోడ్ మీద మొదలయ్యేటప్పుడు మీ షెల్ సర్దుబాట్లు వెంట వస్తాయన్న హామీ ఎప్పుడూ ఉండదు. డీబగ్ చేస్తున్నప్పుడు, రెండు వెర్షన్లను పోల్చేటప్పుడు మాత్రం ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను ఆ ఒక్క ఆజ్ఞ ముందే రాసి నడపండి, ఎక్స్‌పోర్ట్ చేయవద్దు.

కంటెయినర్ ఇమేజీలకు నేను కాన్ఫ్.డీనే ఎంచుకుంటాను, ఎందుకంటే ఇమేజీలో ఉన్నది సాధారణంగా ఒకే ప్రోగ్రాము, అంటే యంత్రానిదీ ప్రోగ్రాముదీ ఒకే పుస్తకం. బిల్డ్ దశ నుంచి చివరి దశలోకి లైబ్రరీని కాపీ చేసిన వరుస తరువాత ఎల్‌డీకాన్ఫిగ్ నడిపే వరుస ఉండాలి. ముందు ఉంటే అప్పటికి లేని ఫైలు క్యాష్‌లోకి ఎక్కదు. ఇమేజీ ఆల్పైన్ లినక్స్ మీద ఆధారపడినదైతే ఈ సలహా చెల్లదు: అక్కడ గ్లిబ్‌సీ బదులు వాడే మజల్ లోడర్‌కు క్యాష్ ఫైలే లేదు, అది /ఈటీసీ/ఎల్‌డీ-మజల్-ఎక్స్86_64.పాత్ అనే ఫైలును చదువుతుంది, ఆ ఫైలు లేనప్పుడు /లిబ్, /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్, /యూఎస్‌ఆర్/లిబ్‌లలో నేరుగా వెతుకుతుంది. ఆ ఫైలును కొత్తగా సృష్టిస్తే ఈ మూడు పేర్లనూ మీ డైరెక్టరీతోపాటు అందులో రాయడం మరవకండి; ఫైలు ఉన్నప్పుడు లోడర్ అందులో ఉన్నవాటినే చూస్తుంది.